మూడో పిచ్చుక

విశ్వంభర్ చేతిలోని కాగితం మీద మూడు గీతలున్నాయి. మొదటిది పొడుగు. రెండోది దానికంటే పొట్టి. మూడోది మరీ పొట్టి. ఆ మూడోది అతనిది.

చేతిలో పట్టుకుని ఆడుకునే గేమ్ యంత్రాలు తయారుచేసే కంపెనీలో అతని ఉద్యోగం. ఆ యంత్రం పేరు పిచ్చుక. మొదటి పిచ్చుకను తయారుచేసింది అతని గురువు హబీబుద్దీన్ ఉస్తాద్. అది తొమ్మిది లక్షలు అమ్ముడుపోయింది. రెండోదాన్ని గురుశిష్యులిద్దరూ కలిసి చేశారు. అది ఆరు లక్షలు. ఉస్తాద్ ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాక, మూడోదాన్ని విశ్వంభర్ నాలుగేళ్ళు తలమునకలై చేశాడు. అది నాలుగు లక్షలు కూడా దాటలేదు.

ఆ ఉదయం మీటింగులో గోడ మీద ఈ గీతలే చూపించారు. వెనక నుంచి ఎవరో, "ఉస్తాద్ చెయ్యే వేరు" అన్నారు. అందరూ తలలూపారు. విశ్వంభర్ కూడా ఊపాడు. లోపల మాత్రం కుతకుత ఉడికిపోయాడు.

తన మణికట్టు పట్టుకుని టంకం వెయ్యడం నేర్పిన మనిషి మీద కుళ్ళుకోవడం తప్పని అతనికి తెలుసు. తెలిసినా మంట ఆగలేదు. మధ్యాహ్నానికి సుల్తాన్ బజార్ చేరాడు. అక్కడ మెట్ల కింద ఓ ఇరుకు గదిలో ఉస్తాద్ పాడైపోయిన గేమ్ యంత్రాలు బాగుచేస్తుంటారు.

విశ్వంభర్ కాగితం ఆయన ముందు పెట్టాడు.

"మీ రోజుల్లో ఫోన్లలో ఇన్ని ఆటల్లేవు ఉస్తాద్. మీకు పోటీయే లేదు. నాకు ప్రతి జేబులోనూ పోటీయే. అదంతా చూసి పోలిస్తే నాదే గొప్పది. కాదా?"

"నిజమే" అన్నారు ఉస్తాద్.

ఆయన కాదంటారని, అప్పుడు వాదించాలని దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చాడు. ఒప్పుకునేసరికి ఇంకా మండింది.

"ఊరికే అంటున్నారు."

"మరి కాదననా?"

విశ్వంభర్ కాగితాన్ని మళ్ళీ తనవైపు లాక్కున్నాడు.

అంతలో ఒకామె లోపలికి వచ్చింది. వీధి చివర రిబ్బన్లూ, జడ పిన్నులూ అమ్మే లచ్చుమమ్మ.

"నాది అయిందా ఉస్తాద్? మూడు దినాలాయె. తొంభై ఒకటో ఆట మీద ఆగిపోయిన. ఎడమ దిక్కు ఎంత నొక్కినా పోతలేదు."

"ఈయన చేస్తాడు, కూర్చో" అంటూ ఉస్తాద్ ఒక యంత్రాన్నీ, స్క్రూడ్రైవరునీ విశ్వంభర్ వైపు జరిపారు.

అది మూడో పిచ్చుక.

విశ్వంభర్ విప్పి చూశాడు. ఎడమ బటన్ కింది రబ్బరు ఉల్లిపొరలా అరిగిపోయి ఉంది. పది లక్షల సార్లు నొక్కినా చెక్కుచెదరదని తనే పరీక్ష పెట్టి ఎంచిన రబ్బరు అది.

"ఎంతసేపు ఆడతావమ్మా దీన్ని?"

"బేరం లేనప్పుడల్లా" అంది లచ్చుమమ్మ. కాస్త సిగ్గుపడి, "బేరమున్నప్పుడు గూడ, ఒక్కోపారి" అంది.

కొత్త రబ్బరు వేసి, బిగించి ఇచ్చాడు. ఆమె గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. బ్యాటరీ ఎక్కువ రోజులు రావాలని ఆ తెర వెనక దీపం పెట్టలేదు విశ్వంభర్. ఆడాలంటే బయటి వెలుతురు కావాలి.

అతనూ వెంట వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాడు.

"అమ్మా, దీనికంటే ముందు ఇంకో పిచ్చుక వచ్చింది, పాతది. నువ్వెప్పుడైనా ఆడావా?"

ఆమె బొటనవేళ్ళు చకచకా కదులుతున్నాయి.

"అది బాగుందా, ఇది బాగుందా?"

లచ్చుమమ్మ తల ఎత్తకుండానే మోచేత్తో అతన్ని మెల్లగా నెట్టింది.

"జర పక్కకు జరుగు బిడ్డా. వెలుతురుకు అడ్డమొస్తున్నవ్."

విశ్వంభర్ జరిగాడు. జరిగి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఎండ ఆమె చేతుల మీద పడింది. కాసేపటికి ఆమె తనలో తనే కిలకిలా నవ్వింది. ఎంతో కష్టపడి ఏదో దాటినట్టుంది. ఆ నవ్వు వింటూ అతను అలాగే ఉండిపోయాడు.

ఉస్తాద్ లేచివచ్చి అతని పక్కనే గోడకు ఆనుకున్నారు.

"మొదటి పిచ్చుక ఆడుకుంటూ నన్నూ ఒకరు ఇలాగే జరగమన్నారు, బేటా" అన్నారు మెల్లగా. "జరగడానికి నాకు ఆరేళ్ళు పట్టింది."