ఎర్ర సున్నాల ఇల్లు

చింతాడ వారింట్లో తెలివికి కొదవ లేదు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, వాళ్ళే చెప్పుకునేవారు. వానకి తడిస్తే పాడైపోతుందని గొడుగుని పెట్టెలో దాచి తాము తడుస్తూ వెళ్ళేంత తెలివి. ఇంటి పెద్ద దాలినాయుడు, భార్య నారాయణమ్మ, తమ్ముడు సూరపునాయుడు. ముగ్గురి తెలివీ కలిపి పోసినట్టు ఒక్కతే కూతురు, మంగ.

అలాంటి పిల్ల పదో తరగతి లెక్కల్లో తప్పింది. మంగకి నర్సు కావాలని మహా కోరిక. ఎవరికైనా మోకాలు చెక్కుకుపోతే పరుగున వెళ్ళి రెండో మోకాలికి కట్టు కట్టేది, అది కూడా చెక్కుకుపోకుండా. మళ్ళీ పరీక్ష రాసి పాసైతేనే ఆ చదువులో చేరడం కుదురుతుంది. పాపం, దిగులుతో అన్నం కూడా సరిగా తినడం లేదు.

లెక్కల టీచరు రత్నకుమారికి జాలేసింది. ఒక మోడల్ పేపరూ దాని జవాబులూ తెచ్చిచ్చి, అందరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"ఇంట్లోనే అచ్చం పరీక్షలాగే రాయించండి. రాశాక జవాబులు చూసుకుని ఎవరి మార్కులు వాళ్ళే వేసుకోవాలి. తప్పు చేసిన చోట ఎర్రగా సున్నా చుట్టండి. ఆ చోట మళ్ళీ తప్పు రాకూడదు."

"అదెంత పని టీచరమ్మా," అన్నాడు దాలినాయుడు.

ఇంకేముంది, ఇల్లు పరీక్ష హాలైపోయింది. సూరపునాయుడు వంటింటి గుమ్మంలో నిలబడి వదిననే హాల్ టికెట్ అడిగాడు.

"నా వంటింట్లోకి నాకు టికెట్టేటి సూరీ?"

"టికెట్టు లేనోళ్ళని పంపకూడదు వదినా. రూలు."

అంతే, ఆ పూట పొయ్యి వెలగలేదు. అందరూ పస్తు.

మంగ అరుగు మీద కూర్చుని మొదటి లెక్కే తప్పు చేసింది. దాలినాయుడు ఎర్రమట్టి కలిపిన ముంత పట్టుకొచ్చి, పేపరు జోలికి పోకుండా, పిల్ల చుట్టూ అరుగు మీద పెద్ద సున్నా చుట్టాడు.

"ఈ చోటే మంచిది కాదమ్మా. ఇంకిక్కడ కూకోకు."

మంగ మంచం మీదికి మారి, జవాబులు చూసి దిద్దుకుని, పేపరు మళ్ళీ మొదటినుంచీ రాసింది. మళ్ళీ తప్పు. మంచానికి సున్నా. ఆ రోజు నుంచి దాని మీద ఎవరూ పడుకోలేదు. నిచ్చెనెక్కి రాస్తే అక్కడా తప్పే. గాల్లో సున్నా చుట్టబోయి సూరపునాయుడు కింద పడ్డాడు. పడడమూ తప్పే కాబట్టి ఆయన చుట్టూ కూడా చుట్టారు. మంగ వచ్చి ఆయన బాగున్న కాలికి కట్టు కట్టింది.

కొన్నాళ్ళకి ఇంట్లో సున్నా లేని చోటు లేదు. కాలు పెట్టడానికి దారి లేక అందరూ పెరట్లో కాపురం పెట్టారు. చివరికి మిగిలింది గేదె నల్లమ్మ వీపొక్కటే. మంగ దాని మీదెక్కి రాసింది. జవాబులన్నీ ఒప్పే.

అన్నిసార్లు రాసి, అన్నిసార్లు దిద్దుకున్న పిల్లకి లెక్కలు రాక ఏమవుతాయి? ఆ ముక్క ఇంట్లో ఎవరికీ తట్టలేదు, మంగకి కూడా.

"చోటు దొరికింది," అన్నాడు దాలినాయుడు, కళ్ళు తుడుచుకుంటూ.

పరీక్ష రోజున గేదెని ముస్తాబు చేసి తోలుకెళ్ళారు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "దీనికి హాల్ టికెట్ ఏదయ్యా?" అన్నాడు వెటకారంగా.

"సూసినావా వదినా, రూలు," అన్నాడు సూరపునాయుడు.

మంగ గేదె లేకుండా లోపలికి రానని ఏడ్చింది. రత్నకుమారి టీచరు ఎవరెవరినో బతిమాలి నల్లమ్మని కిటికీ అవతల కట్టించింది. మంగ ఒక చెయ్యి బయటికి చాపి దాని కొమ్ము పట్టుకుని, రెండో చేత్తో పరీక్ష రాసింది. రాసి పాసైంది. నర్సు చదువుకి సీటు కూడా వచ్చింది.

హాస్టలుకి వెళ్ళే రోజు టీచరు సాగనంపడానికి వచ్చింది. చూస్తే ట్రాలీ ఆటోలో ట్రంకుపెట్టె, దాని పక్కన మెడలో దండతో నల్లమ్మ. మంగ కింద నిలబడి ముక్కు చీదుకుంటోంది.

"బాగా సదువుకోయే నల్లమ్మా. సూదిమందు మెల్లగా ఎయ్యి."

"మంగా, నువ్వెక్కలేదేం?"

"పాసైంది అది కదా టీచర్?"

టీచరు తల పట్టుకుంది. "రాసిన చెయ్యి నీది, ఆలోచించిన బుర్ర నీది. పాసైంది నువ్వే తల్లీ."

"నేనా?" అంది మంగ. ఆ మొహం చూసి తీరాలి. గేదె దిగింది, మంగ ఎక్కింది, ఆటో కదిలింది.

నల్లమ్మ అంబా అని అరిచింది. నారాయణమ్మ కొంగుతో దాని కళ్ళు తుడిచింది. "అది పరీక్ష తప్పిపోనాదన్నమాట. బాధుండదేటి?"

"మళ్ళీ రాద్దువులే," అని దాలినాయుడు దాని వీపు నిమిరి మోడల్ పేపరు ముందు పెట్టాడు. నల్లమ్మ ప్రశ్నలతో సహా నమిలి మింగేసింది.

సాయంత్రం పాలకోసం గిన్నెలతో వచ్చినవాళ్ళకి ముగ్గురూ వరసగా కూర్చుని కనిపించారు. గేదె ముందు ఎర్రమట్టి ముంత ఉంది.

"పాలు పితకలేదా?"

"ఉష్," అన్నాడు దాలినాయుడు. "పేపరైపోనాది. మార్కులేసుకుంటాదని సూస్తన్నాం. ఎవులూ సెప్పకండి, దానికదే ఏసుకోవాల."