ఐదో తరగతి కాలు

డాక్టరు ఇందుమతి గారు ఎవరి కాలునీ మంచం మీద పడుకోబెట్టి చూడరు. ఎంతటివాళ్ళయినా సరే, పంచె మోకాలి పైకి ఎగ్గట్టి చెక్కబల్ల ఎక్కి నిలబడాల్సిందే. ఆవిడ నేల మీద పీట వేసుకుని కూర్చుని, కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని చూస్తారు. పడుకున్న కాలు అబద్ధమాడుతుందనీ, నిలబడ్డ కాలుకి ఆ తెలివి ఉండదనీ ఆవిడ అంటారు. కాలవ లాకుల పక్కనే ఆ ఆస్పత్రి. బుధవారం పూట కాలి నరాలు ఉబ్బినవాళ్ళందరూ అక్కడే ఉంటారు. ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న కుర్ర డాక్టరు హేమసుందర్ పక్కనే గొంతుక్కూర్చుంటాడు. ఏదైనా అడిగితే ఆవిడ వెంటనే జవాబు చెప్పరు. చెప్పకపోగా, అడిగినందుకు ఏదో ఒక పని పురమాయిస్తారు.

ఆ బుధవారం బల్ల మీద నిలబడ్డవాడు గుత్తుల గవరయ్య. కాలవ లస్కరుగా చేసి దిగిపోయాడు. గట్టు కాపలా కాయడం, తూము తలుపులు ఎత్తడం, దించడం అతని ఉద్యోగం. బళ్ళో రెండో తరగతి దాటలేదు కానీ గట్టు మీద ఎలుక బొరియ పడితే అది నిన్నటిదో ఇవాళ్టిదో చెప్పగలడు. ఎవరు ఏ మాటన్నారో, ఏ గట్టు మీద నిలబడి అన్నారో అంతా అతనికి గుర్తే. అతను ఎవరినైనా క్షమించినట్టు ఇంతవరకూ ఎవరూ వినలేదు. ఇంత పెద్ద డాక్టరమ్మ తన పాదాల దగ్గర కూర్చోవడం అతనికి సబబుగానే తోచింది. కుర్ర డాక్టరు కూర్చున్న తీరు మాత్రం నచ్చలేదు. గొంతుక్కూర్చుంటే మడమలు నేలకి ఆనాలి. ఇతను మునివేళ్ళ మీద ఊగుతున్నాడు.

ఇవాళ గవరయ్యకి ఒక్కటే కావాలి. మధ్యాహ్నం కాలవకి నీళ్ళు వదులుతున్నారు. వేసవంతా ఎండిన కాలవలోకి తొలినీళ్ళు వచ్చే రోజు ఆ పక్క ఊళ్ళన్నిటికీ పండగే. ఆడవాళ్ళు పసుపూ కుంకుమా పూలూ నీళ్ళలో వేస్తారు. డప్పులు మోగుతాయి. ఆ సందడి ముందు, నీటి తల ఎక్కడుంటే అక్కడ, గట్టు మీద పెద్ద లస్కరు గెడ పట్టుకుని శివారు దాకా నడుస్తాడు. ఒట్టికాళ్ళతో నడవాలి. గట్టు ఎక్కడ చెమ్మగిల్లినా ముందు కాలికే తెలియాలి. ఉద్యోగం దిగిపోయినా ఏటా ఆ నడక గవరయ్యదే. కిందటేడు చీలమండ పైన పుండు పడి మంచాన ఉంటే, అవతలి గట్టు లస్కరు సూరన్న ఇవతలికి వచ్చి తను నడిచేశాడు. ఇప్పుడు పుండు మానింది. ఇందుమతి గారు ఉబ్బిన నరాన్ని లేజరు పెట్టి మూసేశారు కూడా. కానీ మోకాలి దాకా బిగుతుగా పట్టి ఉండే మేజోడు ఒకటి ఇచ్చి, పొద్దున్న లేస్తూనే వేసుకోమన్నారు. జనమంతా చూస్తుండగా మేజోడు తొడుక్కుని నీళ్ళ ముందు నడిస్తే సూరన్న ఊరుకుంటాడా? అందుకే ఆవిడ నోటితో ఇక మేజోడు అక్కర్లేదని అనిపించుకుని వెళ్దామని వచ్చాడు.

"చెప్పు, ఈ కాలు ఎన్నో తరగతి?" అన్నారు ఇందుమతి గారు శిష్యుడితో.

హేమసుందర్ పాఠం అప్పజెప్పాడు. పైకి ఏమీ కనబడని కాలు సున్నా. సాలీడు పోగుల్లా ఎర్రటి, నీలపు సన్నగీతలుంటే ఒకటి. నరాలు తాళ్ళలా మెలికలు తిరిగి ఉబ్బితే రెండు. సాయంత్రానికి కాలికి నీరుపడితే మూడు. చర్మం నల్లబడి, దురదపెట్టి, చెక్కలా గట్టిపడితే నాలుగు. పుండు పడి మానిన కాలు ఐదు, పచ్చిపుండున్న కాలు ఆరు. అందరూ ఈ మెట్లన్నీ ఎక్కాలని లేదు, రెండు దగ్గరే బతుకంతా గడిపేసేవాళ్ళు బోలెడుమంది అని ఆవిడ మధ్యలో అందించారు. గవరయ్య పైనుంచి శ్రద్ధగా విన్నాడు. నల్లబడటం, దురద, బిర్రబిగిసిపోవడం అన్నీ తన కాలు చూసినవే.

"ఇది ఐదు మేడం," అన్నాడు హేమసుందర్. "కానీ నాకో అనుమానం. పుండు మానిపోయింది, చర్మం మూసుకుంది. మానినదాన్ని నాలుగు కంటే పైన కూర్చోబెట్టడమేంటి? అసలు పుండే పడని కాలు నాలుగులో ఉంటే, తగ్గిపోయిన కాలు దానికంటే పెద్ద నంబరు మోయాలా? మానితే కిందికి దిగాలి కదా," అన్నాడు.

గవరయ్యకి ఆ కుర్రాడి మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చింది. మడమల సంగతి మర్చిపోయాడు.

"ఆయ్, చిన్న డాక్టరుగారు న్యాయంగా అడిగారండి. నన్ను రెండులో వేసెయ్యండి. మేజోడు ఈ బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోతాను."

ఇందుమతి గారు అతని పాదం మీద నాడి పట్టి చూశారు. మానిన మచ్చ చుట్టూ బొటనవేలితో నెమ్మదిగా నొక్కారు. తరవాత లేచి చెప్పులేసుకున్నారు. "నీళ్ళు రావడానికి ఇంకా టైముంది కదా. మీరు నడిచే గట్టు ఒకసారి చూపించండి గవరయ్యగారు. హేమసుందర్, నువ్వూ రా. నా సంచీ పట్టుకో," అన్నారు.

గట్టెక్కగానే గవరయ్యకి పదేళ్ళ వయసు తగ్గింది. చేతిలోని మేజోడు భుజాన వేసుకున్నాడు. ముందు గెడ పట్టుకుని తను, వెనక డాక్టరమ్మ, ఆ వెనక సంచీతో కుర్ర డాక్టరు. ఇప్పటి లస్కర్లు కాలవకి అడ్డంపడే గుర్రపుడెక్క మొక్కలు తీసిన తీరు ఎంత అధ్వానమో చెబుతూ నడిచాడు. తన కాలంలో తీసినదాన్ని గట్టుకి దూరంగా వేసేవాళ్ళమనీ, వీళ్ళు గట్టు మీదే పోసి పోతున్నారనీ, అడిగితే ఎదురు మాట్లాడుతున్నారనీ ఒక్కొక్కళ్ళ పేరూ వరసగా చెప్పాడు. ఒకచోట గట్టు వెలుపలి వైపు మట్టి నల్లగా మారి, పైన ఉప్పు పేరుకున్నట్టు తెల్లటి చార కట్టి ఉంది. హేమసుందర్ అక్కడ ఆగాడు.

"ఇది తెగుతుందా తాతగారూ?"

"ఇది ఊట బాబూ. నా చిన్నప్పటినుంచీ ఇలాగే ఉంది. ఓ కంట కనిపెట్టి ఉండాలి. తెగడమంటే ఇంతవరకూ తెగలేదు."

ఇంకొంచెం ముందుకెళ్ళాక గట్టు చూడముచ్చటగా ఉంది. లోపలి వాలు పొడవునా రాళ్ళు పేర్చారు. రాళ్ళ సందుల్లో పచ్చిక పట్టింది. ఆ గట్టంతటిలో అదే అన్నిటికంటే దిట్టంగా కనబడింది. ఇందుమతి గారు కొంగుతో మొహం తుడుచుకున్నారు. "హేమసుందర్, ఆ పైవరసలో రాయొకటి ఊడదీసి ఈ నీడలో వెయ్యి, కాసేపు కూర్చుంటాను," అన్నారు.

శిష్యుడు సంచీ కింద పెట్టి రాయి మీద చెయ్యి వేశాడు. మరుక్షణం గవరయ్య గెడ అతనికీ రాయికీ మధ్య అడ్డంగా దిగింది.

"చెయ్యి తియ్యి. రాయి ముట్టుకున్నావంటే డాక్టరువని కూడా చూడను."

"ఒక్క రాయే కదండీ," అన్నారు ఇందుమతి గారు శాంతంగా. "ఇంత గట్టిగా ఉంది. ఇందాకటి ఊట దగ్గర ఒక్క రాయీ లేదు, తెగలేదంటున్నారు."

"అది తెగలేదు కాబట్టి దానికి అక్కర్లేదు. ఇక్కడ గండి పడిందండి. నేను పరిగెత్తుకొచ్చేసరికి ఇంత మేర కొట్టుకుపోయింది. పూడ్చాం, దిమ్మిసలు కొట్టాం, రాయి పేర్చాం. పైకి అతుక్కున్నట్టే ఉంటుంది. లోపల పాత మట్టీ కొత్త మట్టీ దేని దారి దానిదే. నీళ్ళకి ఆ సందు తెలుసు. పెద్ద వరదొస్తే ముందు ఇక్కడికే వచ్చి తడుముతాయి. నేనున్నన్నాళ్ళూ ఈ రాయి కదలనివ్వలేదు."

"మానిపోయింది కదా," అన్నారు ఆవిడ.

"మానింది కాబట్టే కదండీ ఈ రాళ్ళు..." అని గవరయ్య ఆగిపోయాడు.

హేమసుందర్ చెయ్యి ఎప్పుడో వెనక్కి తీసుకున్నాడు. వెనక్కి తిరిగి తెల్లచార ఉన్న వైపు ఒకసారి, ఈ రాళ్ళ వైపు ఒకసారి చూశాడు. గవరయ్య మాత్రం ఎటూ చూడకుండా తన మచ్చ వైపే చూసుకున్నాడు. పైకి అతుక్కున్నట్టే ఉంది. మోసపోయినట్టు కోపం వచ్చింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తేలకపోవడం అతని జన్మలో అదే మొదటిసారి.

"మేజోడు వేసుకుంటారా, రాయి తియ్యమంటారా?" అన్నారు ఇందుమతి గారు.

"కాలికి చెమ్మ తెలియాలండి," అన్నాడు గవరయ్య, ఆఖరిసారి బెట్టు చేస్తూ.

ఆవిడ శిష్యుడి చేతిలోంచి సంచీ అందుకుని అందులోంచి ఇంకో మేజోడు తీశారు. దానికి వేళ్ళ దగ్గర మూత లేదు. అయిదు వేళ్ళూ బయటికే ఉంటాయి. "వేళ్ళకి తెలిస్తే చాలదా? నడవడం కాలికి మంచిదే. నిలబడిపోవడమే పనికిరాదు. దారిలో ఎవరు పలకరించినా ఆగకుండా నడవండి. గుడ్డ చిరిగితే చిరగనీండి, ఇంకోటి ఇస్తాను."

గవరయ్య రాళ్ళ మీదే కూర్చుని మేజోడు తొడుక్కున్నాడు. ఎక్కడా ముడత లేకుండా మోకాలి దాకా లాగాడు. కుర్ర డాక్టరు సాయం చెయ్యబోతే వద్దన్నాడు. అతను లాగితే ముడత పడుతుంది.

లాకులు ఎత్తేసరికి గట్టంతా జనం. నీళ్ళు మొదట మట్టిరంగులో, నురగ కక్కుకుంటూ, ఎండుటాకులు తోసుకుంటూ వచ్చాయి. పిల్లలు కాలవలోకి దిగి, నీళ్ళు తరుముకొస్తుంటే కేకలేస్తూ పైకెక్కారు. డప్పుల మోతలో గవరయ్య గెడ భుజాన పెట్టుకుని బయల్దేరాడు. పంచె మోకాలి పైకి ఎగ్గట్టాడు. చూసేవాళ్ళు చూస్తారు. అవతలి గట్టు మీద సూరన్న కూడా గెడతో బయల్దేరాడు. గవరయ్యకి అతను వరసకి బావ. గండి పడిన రోజున గవరయ్య గట్టు వదిలి పెళ్ళిభోజనంలో పప్పన్నం కలుపుకుంటున్నాడని పై ఆఫీసరుకి చెప్పినవాడు ఆ సూరన్నే. గవరయ్య పెళ్ళికి వెళ్ళిన మాట నిజమే. కానీ అప్పటికి వడ్డన మొదలవనే లేదు. ఆ తేడా మీదే ఇన్నేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు.

"ఏం బావా," అని సూరన్న అవతలినుంచి అరిచాడు. "ఒక కాలికే మేజోడా? రెండోది దొరగారు తొడుక్కుపోయారా?"

జనం నవ్వారు. గవరయ్య ఆగలేదు. నడుస్తూనే అవతలి గట్టు వైపు చూశాడు. సూరన్న కూడా పంచె ఎగ్గట్టాడు. పిక్కల మీద నరాలు తాడు చుట్టలు చుట్టినట్టున్నాయి. చీలమండలు రెండూ ఉబ్బి, ఎముక ఎక్కడుందో తెలియడం లేదు. కాలవగట్టు మీద పగుళ్ళు వెతికే చూపుతో గవరయ్య ఆ కాళ్ళని పైనుంచి కిందికి చూశాడు. అతని మొహం నెమ్మదిగా విప్పారింది.

"ఒరేయ్ సూరన్నా, నీది మూడు."

"ఏంటి మూడు?"

"నీ కాలు మూడో తరగతిరా. నరాలు రెండు, నీరుపట్టింది కాబట్టి మూడు. నాది ఐదు. నన్నందుకోవాలంటే నీకు చాలా చదువుంది."

ఇన్నేళ్ళ తరవాత అతను సూరన్నతో అన్న మొదటి మాట అది. సూరన్న గెడ మీద వాలి పడీ పడీ నవ్వాడు.

"నవ్వడానికైనా నిలబడకు, నడువు," అని గవరయ్య కసిరాడు. "నిలబడితే నీరు ఇంకా దిగుతుంది. వచ్చే బుధవారం లాకుల దగ్గర ఆస్పత్రికి రా. బల్లెక్కి నిలబడాలి, ముందే చెబుతున్నా. కాలు కడుక్కుని రా. నా పేరు చెప్పు."

"నీ పేరు చెప్తే వైద్యం చేస్తారా, వెళ్ళగొడతారా?"

"ముందు చెప్పి చూడు బావా."

ఆ చివరి మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో గవరయ్యకే తెలియలేదు. దిద్దుకుందామనుకున్నాడు కానీ నీటి తల అప్పటికే ముందుకెళ్ళిపోతోంది. ఇద్దరూ అడుగులు పెంచారు. ఆ గట్టున ఒకడు, ఈ గట్టున ఒకడు, మధ్యలో పూలూ పసుపూ మోసుకుంటూ నీళ్ళు. ఆడవాళ్ళు విసిరిన బంతిపువ్వు ఒకటి గవరయ్య భుజం మీద పడితే దులుపుకోకుండా అలాగే నడిచాడు. రాళ్ళు పేర్చిన చోటికి వచ్చాక వేళ్ళతో గట్టుని ఒకసారి తడిమి, పొడిగానే ఉందని గెడ పైకెత్తి చూపించాడు. అవతలినుంచి సూరన్న కూడా గెడ ఎత్తాడు. డప్పులవాళ్ళకి ఎందుకో అర్థం కాకపోయినా ఇంకా గట్టిగా వాయించారు.

జనంలో పక్కకి ఒదిగి నిలబడ్డ హేమసుందర్ ముసలాళ్ళిద్దరినీ చూసి మురిసిపోయాడు. ఇన్నేళ్ళుగా వాళ్ళకి మాటల్లేవట కదా, ఇప్పుడు మానినట్టే కదా మేడం అని గురువుగారిని అడిగాడు.

ఇందుమతి గారు కళ్ళజోడు నెత్తి మీదినుంచి దించి పెట్టుకుని, రెండు గట్ల వైపూ తీరిగ్గా చూశారు.

"మానింది," అన్నారు. "ఐదులో రాసుకో."