ఓబులేసు అడిగిన చీటీ

మణిగిరి రాజ్యంలో కొలువు చేసేవాళ్ల జీతం నుంచి నెలనెలా కొంత ధాన్యం మినహాయించి, ముసలితనంలో వాళ్ల తిండి కోసం ఒక పెద్ద గాదెలో దాచేవారు. యాభై ఏళ్లు కోటలో కొమ్ముబూర ఊదిన ఓబులేసు ఇప్పుడా గాదె గింజలతోనే బతుకుతున్నాడు.

ఒకనాడు మంత్రి త్రిపురాంతకయ్య రాజుతో, "ఆ ధాన్యమంతా అమ్మి ఓడవర్తకుల వ్యాపారంలో పెడదాం ప్రభూ. పన్నెండేళ్లలో రెండింతలవుతుంది, రాజ్యమూ కళకళలాడుతుంది" అన్నాడు. రాజుకు ఆ మాట నచ్చింది.

ఆ సంగతి ఓబులేసు చెవిన పడింది. వెంటనే తలపాగా చుట్టుకుని కొలువుకు వెళ్లాడు.

"బంగారంలాంటి ఆలోచన అయ్యగారూ! నాదొక చిన్న మనవి. నాకిప్పుడు డెబ్భై ఎనిమిది. లాభం వచ్చేదాకా నన్ను తీసుకుపోవద్దని యముడికి ఒక చీటీ రాసి, మీ ముద్ర వేసివ్వండి."

మంత్రి నవ్వాడు. "నా ముద్రకు యముడు ఆగుతాడా తాతా?"

"ఆగడా? పోనీ, నా ఆకలికి రాయండి. అదైనా పన్నెండేళ్లు ఆగుతుందేమో."

కొలువంతా గొల్లున నవ్వింది. రాజు నవ్వాపుకుని, "అయితే ఓడలు వద్దంటావా?" అని అడిగాడు.

"ఎందుకొద్దు దొరా? రాజ్యం పెరగాల్సిందే. నిన్నమొన్న కొలువులో చేరినవాళ్ల వాటా పంపండి. లాభం వచ్చేనాటికి వాళ్లకింకా పళ్లుంటాయి. మా ముసలోళ్ల వాటా మాత్రం గాదెలో ఉండనివ్వండి."

రాజు అలాగే ఆజ్ఞ ఇచ్చి, మంత్రి వైపు తిరిగాడు. "వచ్చే ఏడు మీరూ కొలువు విరమిస్తారు కదా, మీ వాటా ఎక్కడ ఉంచమంటారు?"

త్రిపురాంతకయ్య గడ్డం సవరించుకుని, మెల్లగా ఓబులేసు పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"తాత గింజల్లోనే కలిపేయండి ప్రభూ."