చక్రం వెనక చెయ్యి

“మనసు చెదిరి బండి నడిపినవాడు చచ్చిపోతే, ఆ పాపం ఎవరికి చెందుతుందమ్మా? నడిపినవాడికా, మనసు చెదరగొట్టినవాళ్లకా?”

అడిగినవాడు ముత్యాలరావు. మండపేటలో బట్టల కొట్టు, ఒంటి మీద ఎప్పుడూ మడత నలగని తెల్లబట్టలు. అడిగింది పేరిందేవమ్మ గారిని. లారీల వాళ్లింట్లో పుట్టి, లారీల వాళ్లింటికే కోడలై, భర్త పోయాక తనంతట తాను వేదాంతం చదువుకున్న మనిషి. కాలవ దగ్గరి ఆవిడ పెంకుటింటికి శిష్యులు వారం వారం వచ్చి కూర్చుంటారు. ఆవిడకొక అలవాటుంది. ప్రశ్న అడిగేవాడి నోటికేసి చూడదు, చేతులకేసి చూస్తుంది.

ముత్యాలరావు తమ్ముడు సూరిబాబు కిందటి నెల ఇంటి కారు వేసుకుని వెళ్తూ కాలవ గట్టు మలుపులో నీళ్లలో పడి చనిపోయాడు. ఆ పొద్దున భార్య హైమవతితో అతను గట్టిగా గొడవపడ్డాడని ఇంటిల్లిపాదీ సాక్ష్యం. ఆ గొడవే మొగుణ్ణి మింగిందని ఇంట్లో తీర్మానమైపోయింది. కారును పైకి లాగి ఆరబెట్టారు, సొట్టలు తీయించారు. అదే కారులో ఇవాళ ముత్యాలరావు హైమవతిని, పాలు తాగే పిల్లను, ఒక ట్రంకు పెట్టెను వేసుకుని కాకినాడలో ఆమె పుట్టింటి దగ్గర దింపేయడానికి బయలుదేరాడు. మళ్లీ తీసుకొచ్చే ఉద్దేశం లేదు. దారిలో గురువుగారి నోట ఒక్క మాట అనిపించుకుంటే మనసు తేలికపడుతుందని ఆగాడు. పెద్దమనుషులు అడిగే ప్రశ్నలు చాలావరకు ఇలాంటివే. వాళ్లకు కావలసింది జవాబు కాదు, సంతకం.

కారు సందులోకి మళ్లినప్పుడే పేరిందేవమ్మ గారు అరుగు మీంచి చూసింది. అతని చేతులు ముందు తిరిగాయి. కారు ఆ తర్వాతెప్పుడో తిరిగింది.

“ముందు ఆ బిడ్డను దింపి అరుగు మీద పడుకోబెట్టండి,” అంది. హైమవతి దింపి పడుకోబెట్టింది. “ఇప్పుడు చెప్పు. బండికేమిటి జబ్బు?”

“బండికేం లేదమ్మా. పాతది కదా, స్టీరింగు కాస్త లూజు. టైర్లు మార్పించాను, గాలి సరిచూయించాను, అయినా అంతే. మన రోడ్లు అలా ఏడిశాయి. కాస్త కుడికి బిగబట్టి ఉంచితే గీత గీసినట్టు పోతుంది. చేతికి తెలియాలంతే. మా ఇంట్లో మగాళ్లందరికీ నేనే నేర్పాను.”

చెప్పేటప్పుడు అతని గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. ఆ ఇంట్లో లోపాన్ని బాగుచేయించలేదు, పిల్లలకు విద్యలా నేర్పుకున్నారు. నేర్చుకున్నవాడు మొనగాడు, నేర్చుకోలేనివాడు చేతకానివాడు. వంగి అడుగున ఏముందో చూసిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు.

“సీట్లో కూర్చో,” అంది ఆవిడ. “ఇంజను వెయ్యకు. స్టీరింగు మెల్లగా అటూ ఇటూ ఊపుతూ ఉండు. హైమా, నువ్వు ముందు చక్రం పక్కన కూర్చుని దాని వెనక్కి చెయ్యి పెట్టు. చక్రాన్ని తిప్పే కడ్డీ ఒకటి తగులుతుంది. అది చక్రంతో కలిసే చోట జాయింటుంటుంది, దాన్ని పట్టుకో.”

హైమవతి గొంతుక్కూర్చుని చెయ్యి పెట్టింది. ఎండిన కాలవ బురద, గుర్రపుడెక్క వేళ్లు రాలి ఆమె మోచేతి మీద పడ్డాయి. ఆ బురద ఏ కాలవదో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

“ఏమైనా తేడా తెలుస్తోందా?” అని సీట్లో ఉన్నవాణ్ణి అడిగింది గురువు.

“ఏమీ లేదమ్మా. ఎప్పటిలాగే ఉంది.”

“నీకు?”

హైమవతి జాయింటును ఇంకాస్త గట్టిగా పట్టుకుని చూసింది. “కడ్డీ కదులుతోందండి. చక్రం కదలడం లేదు. మధ్యలో ఏదో ఖాళీగా కొట్టుకుంటోంది.”

“ఆ రోజు దేని గురించమ్మా గొడవ?”

“దీని గురించేనండి. తిప్పితే పలకట్లేదని అంతకుముందు రోజు ఆయనే అన్నాడు. అందుకని, కారు తియ్యొద్దు, బస్సెక్కి వెళ్లమన్నాను. అన్నయ్య ఇన్నేళ్లుగా నడపట్లేదా, నాకు చేతకాదని ఊరంతా చాటుతావా అని అరిచాడు. నేనూ అరిచాను.”

ఇంటిల్లిపాదీ విన్నది ఆ అరుపులే. మాటలేమిటో అప్పుడూ ఎవరికీ పట్టలేదు, ఈ నెల రోజుల్లోనూ ఎవరూ అడగలేదు. ఆడది అరిచిందన్న ఒక్క ముక్క దొరికితే మన ఇళ్లల్లో విచారణ అక్కడితో పూర్తవుతుంది.

“కాలవలో పడ్డ దెబ్బకి ఆ జాయింటు పోయుంటుందమ్మా,” అన్నాడు ముత్యాలరావు. మాట తొందరగా వచ్చింది.

“ఎప్పటిలాగే ఉందని ఇప్పుడేగా అన్నావు.”

స్టీరింగు మీద అతని చేతులు ఆగిపోయాయి.

“దిగు. అమ్మాయిని కూర్చోనీ. నువ్వెళ్లి ఆ జాయింటు పట్టుకో.”

తెల్లబట్టలతో దుమ్ములో కూర్చోవడానికి అతను కాస్త తటపటాయించాడు గానీ, గురువుగారు చూస్తోంది, కూర్చున్నాడు. హైమవతి తన మొగుడి ఊపిరి పోయిన సీట్లో కూర్చుంది. జన్మలో స్టీరింగు పట్టుకున్న మనిషి కాదు. పట్టుకుని అటూ ఇటూ ఊపింది.

ముత్యాలరావు వేళ్ల మధ్య జాయింటు టక్కుమంది. మళ్లీ టక్కుమంది. దాని లోపల అరిగి గుంత పడ్డ గిన్నెలో ఇనుప గుండు, పట్టుతప్పిన భుజం ఎముకలా, దారి వెతుక్కుంటూ కొట్టుకుంటోంది. ఒక్కరోజులో అరిగే అరుగుదల కాదది. ఇన్నేళ్లూ ఇదే దెబ్బ మెత్తమెత్తగా అతని అరచేతులకు అందుతూనే ఉంది. దాన్ని అతను తన పనితనం అనుకున్నాడు.

హైమవతి ఆపలేదు. ఎదురుగా అద్దంలోంచి రోడ్డుకేసి చూస్తూ ఊపుతూనే ఉంది. ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి. జాయింటు సందులో అతని వేలు ఒకసారి నలిగింది. అబ్బా అనలేదు. అనే మొహం అతనికి లేదు.

“నాకు తెలియదమ్మా,” అన్నాడు చాలాసేపటికి. “అమ్మాయిని వెనక్కి ఇంటికి తీసుకెళ్లిపోమంటారా?”

ఆ మాటా అరుగు మీదున్న ఆవిణ్ణే అడిగాడు. సీట్లో ఉన్నదాన్ని అడగాలని అప్పటికీ తోచలేదు. అడుగుతూ అడుగుతూ చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకోబోయాడు.

“ఆ పిల్ల ఆపేదాకా చెయ్యి తియ్యకు,” అంది పేరిందేవమ్మ గారు.