కేకరేవులో గంట ఎందుకు లేదు

గోదావరి సముద్రంలో కలవబోయే చోట, పాయ మధ్యలో కొబ్బరితోటల లంక ఒకటుంది. ఏటా చలికాలం సెలవుల్లో చుట్టుపక్కల సంఘాల పిల్లలకు ఇక్కడ బైబిలు క్యాంపు జరుగుతుంది. పడవ దిగగానే ప్రార్థన పందిరి, దాని వెనుక వంటశాల కనిపిస్తాయి. గంట మాత్రం ఎక్కడా కనిపించదు. గంట లేని క్యాంపేమిటని కొత్తవారు అడుగుతారు. అడగాలి కూడా, ఈ రేవుకు కేకరేవు అన్న పేరు రావడం వెనుక కథ అదే మరి.

పూర్వం ఇక్కడ తుమ్మ డొంక తప్ప మరేమీ లేదు. అవతలి ఒడ్డున ఉన్న ఊరి సంఘకాపరి దైవాశీర్వాదం అయ్యగారు పిల్లల కోసం క్యాంపు పెట్టాలని సంకల్పించి, "దేవుడు మీకు ఏ తలాంతు ఇచ్చాడో అది పట్టుకు రండి" అని ఆరాధనలో ప్రకటించారు. తాపీపనివారు పొయ్యిలు కట్టారు. వలలల్లేవారు పందిరికి తడికలల్లారు. కుట్టుపని తెలిసిన ఆడవారు బొంతలు కుట్టారు. ఇక మిగిలింది చేపలమ్ముకునే కటాక్షమ్మ.

ఆమెకు దేవుడిచ్చింది గొంతు ఒక్కటే. అది మామూలు గొంతా? ఈ చివర "చేపలమ్మా" అంటే ఊరి ఆ చివర పిల్లులు లేచి కూర్చునేవి. మందిరంలో ఆమె పాట అందుకుంటే మిగతావారి పాటంతా కొట్టుకుపోయేది. పాటల బృందాన్ని నడిపే అయ్యగారి భార్య ఎస్తేరమ్మగారు ఒకనాడు ఆమెను పక్కకు పిలిచి, "ఏమీ అనుకోకు కటాక్షమ్మా, క్యాంపులో మాత్రం నోరు మెదపకు తల్లీ, పిల్లలు దడుచుకుంటారు" అన్నారు. "అలాగే అమ్మగారూ" అని కటాక్షమ్మ మాట ఇచ్చింది. ఇంటికి వెళ్ళి చేపల తట్ట పక్కన కూర్చుని బాగా ఏడ్చింది. అందరికీ ఏదో ఒకటిచ్చిన ప్రభువు తనకు మాత్రం ఎవరికీ పనికిరాని కేక ఇచ్చాడని ఆమె దుఃఖం.

క్యాంపు మొదటి ఉదయం పెద్దలంతా ముందే లంక చేరారు. పిల్లల పడవ అవతలి ఒడ్డు విడిచిందో లేదో మంచు కమ్మేసింది. పైగా అది పాటు వేళ, నీరు సముద్రం వైపు లాగుతోంది. పడవకు దారి తెలియాలని పెద్దలు గట్టు పొడవునా నిలబడి కీర్తన ఎత్తుకున్నారు. భక్తికేం లోటు లేదు. కాని పాట అన్ని వైపుల నుంచీ వినిపించేసరికి పడవ నడిపే అతనికి రేవు ఎటుందో తెలియలేదు. పిల్లల ఏడుపు అంతకంతకూ దూరమైంది.

కటాక్షమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఇచ్చిన మాట ఒకవైపు, ఆ ఏడుపు ఒకవైపు. చివరకు కొంగు లాగి పారేసి, "అమ్మగారూ, మాట తప్పుతున్నాను, క్షమించండి. ముందు అందరూ పాట ఆపండి" అంది. రేవులో మోకాలి లోతు నీళ్ళలోకి దిగింది. కీర్తన ఎత్తబోతే ఒక్క చరణమూ గుర్తు రాలేదు. నోటికి వచ్చింది రోజూ వచ్చేదే.

"చేపలో... బొమ్మిడాయిలమ్మా... రొయ్యలో... రండమ్మా రండీ..."

ఆ కేక మంచును చీల్చుకుంటూ పోయింది. పిల్లలకు అది పుట్టినప్పటి నుంచీ విన్న గొంతు. "అదుగో చేపలమ్మ, అటే" అని అందరూ ఒకే వైపు చేతులు చూపించారు. కటాక్షమ్మ ఊపిరి పీల్చుకోవడానికి తప్ప ఆగలేదు. పడవ ముక్కు ఇసుకకు తగిలేదాకా పిలుస్తూనే ఉంది. ఒక్క బిడ్డ కూడా తగ్గకుండా అందరూ దిగారు. ఎస్తేరమ్మగారు బురదలోనే వచ్చి ఆమెను కావలించుకుని, "దేవుడిచ్చిన నోటిని నేను మూయించబోయాను. ఇక ఈ క్యాంపుకు గంట వద్దు" అన్నారు.

ఆనాటి ఆనవాయితీ నేటికీ తప్పలేదు. మొదటి ఉదయం కటాక్షమ్మ మనుమరాలు రేవులో నిలబడి కేక వేస్తుంది. అది విన్నాకే పిల్లల పడవ కదులుతుంది. మధ్యలో వచ్చిన ఒక అయ్యగారు చేపల మాట తీసేసి బైబిలు వాక్యం పెడదామన్నారట, పిల్లలు ఒప్పుకోలేదు. కేక ముగిశాక ప్రతివారూ తమకు వచ్చిన పనేదో పైకి చెప్పి పందిరిలో అడుగు పెట్టాలి. కూరలు తరగడం వచ్చన్నా చాలు, స్తోత్రం చెప్పి చేర్చుకుంటారు. నాకేమీ రాదన్నవారిని రేవులోకి దింపి కేక వేయిస్తారు. అలా దిగినవారెవరూ తలవంచుకుని పైకి రాలేదు.