నిండు చూలాలి వేషం

ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పకుండా పని చెప్పడం పానకాలయ్య భాగవతులుగారి అలవాటు. అందుకని ఆయన మేళంలో శిష్యులు చాలావరకు సందేహాలు లేకుండానే బతికేవారు. కోదండపాణి మాత్రం ఉండబట్టలేక అడిగాడు.

అతను ఆడవేషాలు కడతాడు. కొత్త నాటకంలో, భర్త అడవికి పంపేసిన నిండు చూలాలైన రాణి వేషం అతనిది. మొదటి ఆటలో రాణి ఏడ్చే చోట ఆడవాళ్లు పైట నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వారు. మళ్లీ నవ్వితే వేషం ఇంకొకరికి పోతుంది. చిన్నప్పటి నుంచీ ఆ మేళాన్నే నమ్ముకున్నవాడికి అది మామూలు సంగతి కాదు.

"దిండు సరిగ్గానే కట్టుకున్నానండీ. బరువు మోస్తున్నట్టు ముందుకు వంగే నడిచాను. ఎందుకు నవ్వారంటారు?"

"వకుళకి ఇవాళ పరీక్ష ఉంది. ఆసుపత్రికి తోడు వెళ్లిరా" అన్నారు గురువుగారు.

వకుళ ఆయన కూతురు. తొమ్మిదో నెల, పురిటికి పుట్టింటికి వచ్చింది. పాదాలు వాచి తన చెప్పులు పట్టక తండ్రి చెప్పులు వేసుకుని బయల్దేరింది. వెనక నడుస్తున్న కోదండపాణికి వీధి మలుపు తిరగకముందే సిగ్గేసింది. ఆమె ముందుకు వంగడమే లేదు. వెనక్కి వాలి, కాళ్లు ఎడంగా వేస్తూ, ఏ తొందరా లేనట్టు నడుస్తోంది.

"ఆయాసంగా ఉందా అక్కా?"

"ఊపిరికి చోటేదిరా? వీడు నా పక్కటెముకల మీద కాళ్లు పెట్టి పడుకుంటాడు. రెండు ముద్దలు తింటే గొంతులోకి ఎగదన్నుతుంది" అని, ఎవరి అల్లరో మురిపెంగా చెబుతున్నట్టు నవ్వింది.

ఆసుపత్రిలో అతను తెర ఇవతల నిలబడ్డాడు. లోపల నర్సమ్మ పొట్ట తడిమి చెబుతోంది: "తల కిందికి తిరిగింది, మంచిదే. ఇప్పుడు కండ పడుతోంది. ఈ నెలలో పిల్లలు కళ్లు తెరుస్తారు, మూస్తారు. బయటి చప్పుళ్లు కూడా వింటారు." నడుం నొప్పి సంగతి ఎత్తితే, "కాన్పు కోసం కీళ్లు వదులవుతున్నాయమ్మా" అంది. తర్వాత ఏదో యంత్రం ఆనించినట్టుంది, అటుకులు దంచుతున్నంత వడిగా గుండె చప్పుడు వినిపించింది. కోదండపాణి తెర వైపు చెవి ఒగ్గాడు. ఇంకా ముఖమైనా చూడని ప్రాణి కోసం ఒక మనిషి ఎముకలతో సహా సర్దుకుంటోంది! వకుళ బయటికి రాగానే దండం పెట్టాలనిపించింది గాని, నలుగురూ చూస్తారని ఊరుకున్నాడు.

తిరిగి వస్తుంటే వెనక లారీ ఒకటి చెవులు చిల్లులు పడేలా హారన్ కొట్టింది. వకుళ మాట మధ్యలో ఆగి, పొట్ట మీద చెయ్యి వేసింది.

"ఏం లేదు నాన్నా, లారీ. వెళ్లిపోయింది."

"నాకేం భయం లేదక్కా" అన్నాడు కోదండపాణి.

"నీతో కాదురా!"

రెండో ఆట వచ్చింది. రథం రాణిని అడవిలో దింపి వెళ్లిపోయింది. మద్దెల మీద ఉరుము పలికింది. కిందటి ఆటలో అతను ఇక్కడే కెవ్వుమని కూలబడ్డాడు. ఈసారి ఉలిక్కిపడి, పాట సగంలో ఆపేశాడు. పొట్ట మీద చెయ్యి వేసుకుని, తల వంచి, మెల్లగా అన్నాడు: "ఉరుమే. నేనున్నాగా, పడుకో."

తనకంటూ ఎవరూ మిగలని మనిషి ఆ మాట అంటుంటే నవ్వు ఎవరికి వస్తుంది? ముందు వరసలో ఒకావిడ ఒళ్లో పిల్లను గట్టిగా పొదువుకుంది.

మద్దెల సాంబయ్యకి మాత్రం ఒళ్లు మండింది. ఆట ముగియగానే గురువుగారి దగ్గరికి వచ్చాడు.

"తాళం ఆగిపోయిందండీ. పైగా రాణి అడవిలో ఒంటరిది, ఆ మాట ఎవరితో అన్నట్టు? రేపటి ఆటలో మానేయమని చెప్పండి."

"వద్దులే సాంబయ్యా" అన్నారు పానకాలయ్యగారు. "అక్కడ ఉన్నది ఇద్దరు. మనమే ఒకరికి మాటలు రాసి ఊరుకున్నాం."