సముద్రానికి ఎర్రనీళ్లు ఎలా వచ్చాయి

ఒకప్పుడు సముద్రం ఎన్నడూ ఎర్రబడేది కాదు. లోపల ఏం జరిగినా పైకి నీలంగానే కనిపించేది. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ నీళ్లలో నలుసులు ఉండేవి. కంటికి కనపడనంత చిన్న జీవాలు. ఒక్క నీటిబొట్టులో వంద కాపురం పెట్టినా ఇరుకనిపించదు. కొంచెం తిని, కొంచెంగానే పెరిగేవి.

ఏరు సముద్రంలో కలిసే చోటుని మొగ అంటారు. అక్కడో జాలరిపేట. పేటవాళ్లు చేపలు కోసి ఎండబెట్టాక పేగులూ తలలూ మొగలోనే పోసేవారు. "సముద్రం వాటా సముద్రానికి ఇవ్వాలి కదా" అనేవారు. వేట కొంచెమే పడినన్నాళ్లూ ఫరవాలేదు. ఒక ఏడాది పడవలు మునిగేటంత పడింది. గంపలకి గంపలు పోశారు. అసలే ఎండాకాలం. గాలి ఆడలేదు, అల లేవలేదు. పోసింది పోసినచోటే ఉండిపోయింది.

నలుసులకి ఒకటే పండగ! ఒకటి రెండైంది, రెండు నాలుగయ్యాయి, అలా మొగంతా నిండిపోయాయి. ఆ నలుసుల్లో కొన్నిటి ఒంట్లో రవ్వంత విషం ఉంటుంది. రవ్వంతే. కానీ అన్ని రవ్వలూ ఒకచోట చేరితే? మీరే చెప్పండి.

అవి చేరింది ఆల్చిప్పల్లాంటి గుల్లల కడుపులో. గుల్ల ఇసకలో కూర్చుని రోజంతా నీళ్లు తాగి, నలుసుల్ని దాచుకుని, నీళ్లు వదిలేస్తుంది.

పేటలో ఉండే నూకరత్నం ఆ గుల్లలే ఏరి కూర వండింది. కూతురు దేముడమ్మ ఆగలేక ముందే తినేసింది.

"అమ్మా, పెదాల మీద చీమలు పాకినట్టుందే."

"కారం ఎక్కువైందేమోలే" అంది తల్లి.

కాసేపటికి పిల్ల చేతిలో చెంబు జారిపోయింది. చేతులు ఆడటం లేదు. ఊపిరి అందటం లేదు. పిల్లని తన అత్త ఒళ్లో పెట్టి నూకరత్నం మొగకి పరుగెత్తింది.

"ఏటే గుల్లా, నా పిల్లకేటి పెట్టావు?"

"నాకేటి తెలుసమ్మా! నాకు కళ్లున్నాయా, కాళ్లున్నాయా? వచ్చిన నీళ్లు తాగాను."

"బాగా ఉడకబెట్టాను కదే!"

"ఉడికితే నేను చస్తాను. విషం చావదు. ఆ నలుసుల్నడుగు."

"మేం ఎక్కువైపోయామని అరుస్తూనే ఉన్నాం, మా గొంతు ఎవరికి వినపడుతుంది?" అన్నాయి నలుసులు. "అయినా, గంపలతో విందు పెట్టి మమ్మల్ని ఇంతమందిని చేసిందెవరు?"

పొద్దున పోసిన గంపల్లో నూకరత్నందీ ఒకటి. ఆమె సముద్రం వైపు తిరిగి దణ్ణం పెట్టింది.

"గంగమ్మ తల్లీ, విరుగుడు చెప్పు!"

"నా దగ్గర లేదమ్మా" అంది సముద్రం. "విషం దానంతటది దిగాలి. అందాకా పిల్ల ఊపిరి ఆగనీకు. ఆగితే నీ ఊపిరి పొయ్యి. పరుగెత్తు!"

మధ్యాహ్నమంతా నూకరత్నం పిల్ల నోట్లోకి ఊదుతూనే ఉంది. తను అలిసిపోతే అత్త ఊదింది. పొద్దు వాలుతుంటే దేముడమ్మ చిటికెనవేలు కదిలింది. తర్వాత పెదాలు కదిలాయి.

"మామ్మా... నీ నోరంతా చుట్ట కంపు."

"కంపే నిన్ను బతికించింది, పో!" అని ముసలమ్మ భోరుమంది.

నూకరత్నం మాత్రం కూర్చోలేకపోయింది. రేపు ఇంకొకరి పిల్ల తింటే? పెరట్లో వలలు చివకకుండా పట్టించడానికి కాచిన తుమ్మచెక్క రసం కాగు నిండా ఉంది. ఎర్రగా, ఇటుక రంగులో ఉంది. కాగు ఎత్తుకెళ్లి మొగలో గుమ్మరించింది.

"మీ అరుపు మాకు వినపడదు. రంగైనా కనపడనివ్వండి! మీరు ఎక్కువైనప్పుడు ఎర్రబడండి!"

నలుసులు తాగాయి. మొగ ఎర్రబడింది. పేటంతా చూసింది, నూకరత్నం సంగతంతా చెప్పింది. ఆ రోజు మొదలు చేపల పేగులు కొబ్బరిచెట్ల కింద గోతుల్లోకి పోయాయి.

కానీ కాగు ఒక్కటే కదా. విషం లేనివి కొన్ని ముందుకు తోసుకొచ్చి తాగేశాయి. విషమున్నవాటిలో కొన్నిటికి చుక్క కూడా అందలేదు.

అప్పటినుంచే, ఎండ ముదిరి, గాలి ఆగి, ఒడ్డున కుళ్లు చేరితే సముద్రం ఎర్రబడుతుంది. ఎర్రబడితే గుల్లల జోలికి పోకూడదు. ఎర్రబడలేదు కదా అని ధీమాగా ఉండనూ కూడదు. రంగు అందని నలుసులు ఇంకా ఆ నీలం నీళ్లలోనే తిరుగుతున్నాయి.